గంట తేడా

బెయిలు పిటిషను మధ్యాహ్నం మూడింటికి విచారణకొస్తుంది. పుణ్యవతి గచ్చిబౌలిలో ఆ కంపెనీ గేటు దాటేసరికే పదకొండూ పది అయింది. ఉన్న సమయం నాలుగు గంటలు కూడా లేదు. ఈలోగా గంగమ్మ దొంగ కాదని కాగితం మీద రుజువు కావాలి. లేకపోతే ఆ ముసలిది ఇంకో రెండు వారాలు జైలు గచ్చు మీదే పడుకోవాలి. పైగా ఉబ్బసం మనిషి.

గంగమ్మ ఆ కంపెనీలో గదులు ఊడ్చి తుడిచేది, కాంట్రాక్టు మీద. నవంబరు ఏడు, శుక్రవారం సాయంత్రం, ఆఫీసు ఆవరణలోని ఇండోర్ హాల్లో ఉద్యోగులకి బ్యాడ్మింటన్ పోటీలు పెట్టారు. ఆ హడావుడిలో పక్కనున్న ల్యాబు లాకర్లోంచి, క్లయింటు పరీక్షకి పంపిన, ఇంకా మార్కెట్లోకి రాని ఫోన్లు రెండు మాయమయ్యాయి. ల్యాబు తలుపు ఆరూ పంతొమ్మిదికి గంగమ్మ బ్యాడ్జితో తెరుచుకుంది. ఆరూ ఇరవై రెండుకి ఆవిడ బకెట్టు పట్టుకుని ఆ తలుపు వైపు నుంచి వస్తున్నట్టు, పోటీలకి పిలిపించిన ఫోటోగ్రాఫర్ నడవలో తీసిన ఫోటో ఉంది. ఇంకేం కావాలి? శనివారం పొద్దున్నే తీసుకుపోయారు. లాకరు కోడు ఆవిడకెలా తెలిసిందయ్యా అంటే, తుడుస్తూ తుడుస్తూ చూసుంటుందన్నారు. పేదవాళ్ళ మీద నేరం మోపడానికి ఆ మాత్రం ఊహ చాలు.

కోడు నిజంగా తెలిసినవాళ్ళు నలుగురు. ఆరూ ఇరవై ప్రాంతంలో నలుగురూ హాల్లోనే ఉన్నట్టు ఫోటోలున్నాయి కాబట్టి వాళ్ళని ఒక్క మాట కూడా అడగలేదు. ఆ నలుగురిలో ఒకడు ఆదర్శ్, పుణ్యవతి అన్న కొడుకు. తల్లి పోయిన ఏడేళ్ళ పిల్లాణ్ణి తెచ్చుకుని ఆమే పెంచింది. లింగంపల్లి ఫ్లాటులో ఉండేది వాళ్ళిద్దరే. ఈ కేసు ఆమె దాకా తెచ్చింది వాడే. "అత్తయ్యా, ఆవిడ తియ్యలేదు, నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి" అని శనివారం సాయంత్రం ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఊడ్చే మనిషి కోసం కన్నీళ్ళు పెట్టుకునే ఇంజనీరు ఈ ఊళ్ళో ఇంకొకడు దొరుకుతాడా అని ఆ పూట పుణ్యవతి లోలోపల మురిసిపోయింది.

మీటింగు గదిలో ఆమె కోసం కూర్చున్న పెద్దమనిషి రవీందర్. కంపెనీ సెక్యూరిటీకంతటికీ పెద్ద. అంతకు ముందు పోలీసు ఆఫీసరు. పుణ్యవతి పోలీసు క్లూస్ టీములో ఇరవై రెండేళ్ళు నేరస్థలాల ఫోటోలు తీసింది. అందులో చివరి నాలుగేళ్ళు ఈయన కిందే పని, ఆదర్శ్‌ని చిన్నప్పుడే చూశాడు. పదకొండేళ్ళ కిందట ఒక హత్య కేసులో ఆమె తీసిన ఫోటో ఒకటి, చెయ్యి ఊగి కాస్త మసకగా వచ్చింది. గోడకి ఆనించిన నిచ్చెన కనబడేది అందులో మాత్రమే. మసక ఫోటో కోర్టుకెందుకని రవీందర్ దాన్ని ఫైల్లోంచి పీకేశాడు. నిచ్చెన లేదు గనక బయటివాడు రాలేదన్నారు, వాచ్‌మన్‌కి యావజ్జీవం పడింది. ఆ నెలే పుణ్యవతి రాజీనామా ఇచ్చి బయటికొచ్చి, సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకుంది. ఆయనకేమో ప్రమోషన్ వచ్చింది.

రవీందర్ పధ్నాలుగు ఫోటోలు బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు. అన్నిటి కిందా టైము అచ్చయి ఉంది.

"గిదే మేడం, ఏడో నంబరు. ఆరూ ఇరవై రెండు. మూడు నిమిషాల్ల పని చేస్కొని బైటికొచ్చింది. ఇగ దీంట్ల మీరేం చూస్తరో చూడుండ్రి."

పుణ్యవతి ఫోటో చేతిలోకి తీసుకుంది. గంగమ్మ కళ్ళు సగం మూసుకుని ఉంది. ఆమె భుజం పక్కన తెల్లగోడ మీద, అంచు కత్తితో కోసినట్టున్న నల్లటి నీడ. మెళ్ళో ప్లాస్టిక్ బ్యాడ్జి ఉన్న చోట తెల్లటి మెరుపు తప్ప అక్షరం కనబడదు. పుణ్యవతి ఆ నీడనే చూస్తూ, గంగమ్మ ల్యాబుకి ఎన్నిసార్లు వెళ్ళినట్టు రికార్డుందని అడిగింది. రెండుసార్లు, అయిదూ పధ్నాలుగుకోసారి, ఆరూ పంతొమ్మిదికోసారి అని చెప్పాడాయన. ఒకే గదిని గంటలో రెండుసార్లు తుడుస్తారా అని తనే మళ్ళీ నవ్వాడు.

నిన్న జైల్లో గంగమ్మ చెప్పింది ఒక్కటే. అయిదుంబావుకి ల్యాబు తుడిచింది. తర్వాత బాత్రూములు కడగడానికి పోయింది. వంగినప్పుడు మెళ్ళో వేలాడే పట్టీ బకెట్లో పడుతుందని, అక్కడి పనివాళ్ళందరిలాగే బ్యాడ్జి తీసి వంటగది పక్కనున్న కొక్కేనికి తగిలించింది. మళ్ళీ ఆరూ నలభైకి తీసుకుంది. పనివాళ్ళ బ్యాడ్జీలకి ఆకుపచ్చ పట్టీ, ఉద్యోగులవి నీలం. ఆ కొక్కేల ముందునుంచి రోజుకి వందమంది పోతుంటారు.

ఇదంతా రవీందర్‌కి చెబితే, దొంగలందరికీ ఒక కొక్కెం ఉంటుందన్నాడు.

పుణ్యవతి ఆయనతో వాదించలేదు. ఆ ఫోటో తీసిన చోటు చూపించమంది. సీసీ కెమెరా కూడా ఉండాలి కదా అంటే, పాతది తీసేశారని, కొత్తది వచ్చే వారం బిగిస్తారని చెప్పి ముందు నడిచాడు.

అది ముప్పై అడుగుల నడవ. ఈ చివర ల్యాబు తలుపు, ఆ చివర హాల్లోకి పోయే పక్క తలుపు. ఒకవైపు తెల్లగోడ. పైకప్పు మాత్రం కారు నలుపు. గొట్టాలూ వైర్లూ దాచకుండా అన్నిటికీ కలిపి నల్లరంగు కొట్టేశారు. బోలెడంత పోసి కట్టించి, సగంలో వదిలేసినట్టు కనబడేలా చెయ్యడం ఈ ఆఫీసుల సోకు. పుణ్యవతి ఆ కప్పుని రెండు నిమిషాలు చూసింది. తర్వాత ఫోటోలో గంగమ్మ నిలబడ్డ చోటు కొలుచుకుని అక్కడే నిలబడింది.

"నా నీడ ఎక్కడుందో చెప్పండి రవీందర్ గారూ."

కప్పు పొడవునా వరసగా ట్యూబు లైట్లు. అన్ని వైపుల నుంచీ వెలుతురు పడుతోంది కాబట్టి ఆమె కాళ్ళ దగ్గర పల్చటి మరక తప్ప నీడనేది లేదు. ఆమె ఆయన్ని నాలుగడుగులు వెనక్కి జరగమని, ఫోన్ టార్చి కళ్ళ ఎత్తులో పట్టుకుని తన మీద వెయ్యమంది. ఆయన విసుక్కుంటూనే వేశాడు. ఆమె భుజం వెనక గోడ మీద నల్లటి నీడ లేచింది, ఫోటోలో ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడే.

"ఇది ఫ్లాష్ వేసి తీసిన ఫోటో. మామూలుగా ఫ్లాష్ తలని పైకి తిప్పి కొడితే వెలుతురు కప్పుకి తగిలి మెత్తగా కిందికి దిగుతుంది. ఇక్కడ కప్పు నలుపు, వెలుతురంతా మింగేస్తుంది. అందుకే ఫోటోగ్రాఫర్ నేరుగా మొహం మీదికి కొట్టాడు."

"అయితే ఏంది? ఫోటోగ్రాఫర్ అన్నంక ఫ్లాష్ కొడ్తడు."

బ్యాడ్మింటన్ ఆటలో కొట్టనిస్తారా అని ఆమె అడిగింది. రవీందర్ టార్చి ఆర్పేసి, ఫోటోగ్రాఫర్ వచ్చినట్టున్నాడని వెనక్కి తిరిగాడు.

ఫోటోగ్రాఫర్ రవికిరణ్‌ది బాచుపల్లి. స్కూళ్ళ వార్షికోత్సవాలూ కాలేజీ ఫంక్షన్లూ తీస్తూ బతికేవాడు. ఫోటోలతో పాటు కెమెరా కార్డు కూడా తెమ్మని పుణ్యవతి ముందే చెప్పడంతో భయం భయంగా వచ్చాడు. పన్నెండింటికి ప్రశ్నలు మొదలయ్యాయి. మొదటి ప్రశ్న దొంగతనం గురించి కాదు. ఏ కెమెరాతో తీశావని.

శుక్రవారం మధ్యాహ్నమే తన కెమెరా షట్టరు ఇరుక్కుపోయిందట. కంపెనీలో జశ్వంత్ అనే సారు తనది ఇచ్చాడు. అది వేరే కంపెనీ కెమెరా. రవికిరణ్ లెన్సులు దానికెక్కవు, ఫ్లాషూ పట్టదు. దానితో వచ్చిన లెన్సు మామూలు జూము. "ఎండల మంచిగనే ఉంటది మేడం, హాల్ల గుడ్డిది," అన్నాడు. స్మాష్ కొట్టే చెయ్యి ఊగకుండా పడాలంటే షట్టరు సెకనులో వెయ్యో వంతు మాత్రమే తెరవాలి. ఆ కాస్త సమయంలో ఆ లెన్సు సందులోంచి లోపలికొచ్చే వెలుతురు దేనికీ చాలదు. గత్యంతరం లేక కొండాపూర్‌లో ఒక షాపు నుంచి ఆ కెమెరాకి పట్టే ఫ్లాష్ కిరాయికి తెచ్చుకున్నాడు. అయిదు నుంచి దానితోనే తీశాడు.

"ఎవరు ఆపారు?"

"మీకెట్ల తెలుసు?" అని తెల్లబోయి, అంపైర్ ఆపాడని చెప్పాడు. ఫ్లాష్ వెలిగినప్పుడల్లా షటిల్ కనబడట్లేదని ఆడేవాళ్ళు గొడవ పడ్డారు. ఆట ఆపేసి, ఎవరూ ఫ్లాష్ వాడవద్దని అంపైర్ పోటీల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు. ఆ మెసేజ్ టైము అయిదూ ముప్పై నాలుగు. వెంటనే రవికిరణ్ షాపుకి ఫోన్ చేసి, నోరు పెద్దదిగా ఉండే లెన్సు పంపమన్నాడు. మొదట అడిగింది డెబ్బై నుంచి రెండు వందల మిల్లీమీటర్ల దాకా పోయే పెద్ద జూము. కార్తీకమాసం ముహూర్తాలు, పెద్ద లెన్సులన్నీ పెళ్ళిళ్ళకి పోయాయన్నారు. ఉన్నవి రెండు, యాభైదీ ఎనభై అయిదుదీ.

"ఎనభై అయిదే ఎందుకు?" పుణ్యవతి గొంతులో మొదటిసారి కాస్త స్నేహం వినబడింది.

"యాభైతోని అయితే ఆడే కోర్టు మీదికెక్కాలె మేడం. ఎనభై అయిదైతే గీత బయట కూసోని ముఖం పట్టొచ్చు. వెలుతురు కూడ పదింతలు తీస్కుంటది."

తానైనా అదే తీసుకునేది. దానితో ఉన్న చిక్కు కూడా ఆమెకి తెలుసు. అంత నోరు తెరిచి తీస్తే ఫోకస్ కుదిరిన చోటు మాత్రమే స్పష్టంగా వస్తుంది, ముందూ వెనకా అంతా పాలల్లో ముంచినట్టు మసకబారుతుంది. ఎగిరే ఆటగాడి మీద ఫోకస్ నిలబెట్టడం మామూలు పని కాదు. చాలా తప్పాయా అంటే, మూడింట ఒక వంతు పోయాయని రవికిరణ్ సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు.

"లెన్సు వచ్చాక ఫ్లాష్ ఏం చేశావు?"

"వాపస్ పంపిన. ఆ షాపుల ఒకటి ఇస్తెనే ఇంకోటి ఇస్తరు. లెన్సు తెచ్చిన బండాయనకే ఫ్లాష్ ఇచ్చేసిన."

ఎన్నింటికని ఆమె అడగలేదు, చెయ్యి చాచింది. రవికిరణ్ ఫోన్ తీసి మెసేజ్ వెతికాడు. లెన్సు అందిందనీ, ఫ్లాష్ బండాయనకి ముట్టిందనీ షాపు నుంచి వచ్చిన రసీదు. అయిదూ నలభై ఎనిమిది.

పుణ్యవతి ఆ ఫోన్ని ఏడో నంబరు ఫోటో పక్కన పెట్టి రవీందర్ వైపు జరిపింది. ఆయన ఒకటికి రెండుసార్లు చదివాడు.

"ఆరూ ఇరవై రెండుకి ఆయన దగ్గర ఫ్లాషే లేదు. మరి ఈ నీడ ఎవరు పెట్టారండీ?"

పన్నెండూ నలభైకి జశ్వంత్‌ని పిలిపించారు. ముప్పై ఏళ్ళ కుర్రాడు, సెప్టెంబరులో కాలిఫోర్నియా నుంచి తిరిగొచ్చాడు. కెమెరా తనదే, ఫోటోల మీద టైము వేసి ఇచ్చిందీ తనే. అతనిలో దొంగచూపు లేదు. కాఫీ కప్పు కూడా చేతిలోనే ఉంది. టైము ఎలా వేశావని ఆమె అడిగింది. కెమెరా గడియారం ఇంకా కాలిఫోర్నియా టైములోనే ఉందని, క్లయింటు దగ్గర ఎంతయిందో తెలుస్తుందని మార్చకుండా వదిలేశానని చెప్పాడు. తేడా కలిపి ఇండియా టైము వేశాడట.

"ఎంత కలిపావు?"

"పదమూడున్నర గంటలండి."

"గడియారం సెట్ చేసింది ఎప్పుడు?"

"ఆగస్టులోనండి, కొన్నప్పుడు."

"ఆగస్టులో తేడా ఎంత?"

"అప్పుడు పన్నెండున్నరండి. మొన్న రెండో తారీఖు ఆదివారం వాళ్ళు గడియారాలు వెనక్కి తిప్పుకున్నారు కదా, అప్పట్నుంచి పదమూడున్నర. మా మీటింగులు కూడా తొమ్మిదిన్నరవి పదిన్నరకి..." అంటూ అక్కడ ఆగిపోయాడు.

"వాళ్ళు తిప్పుకున్నారు బాబూ. నీ బీరువాలో ఉన్న కెమెరాకి ఎవరు చెప్పారు?"

అతను కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో అడిగినా ఆ లెక్క చెబుతారు. ఎండాకాలం పన్నెండున్నర, చలికాలం పదమూడున్నర. ఇక్కడి సంసారాల్లో భోజనాలూ నిద్రలూ నడిచేది దాన్ని బట్టే. అంత బాగా తెలిసింది గనకే తప్పు చేశాడు. ఏమీ తెలియనివాడైతే ఎవరినైనా అడిగి ఉండేవాడు. ఆరూ ఇరవై రెండు కాదు, అయిదూ ఇరవై రెండు. గంగమ్మ చెప్పిన టైమే. తెలివి మీరిన కూడిక ఒకటి ఒక ముసలిదాన్ని నాలుగు రోజులుగా జైల్లో కూర్చోబెట్టింది. ఈ ఆఫీసులో ఒక్కరికీ ఎదురు లెక్క వేసి చూడాలని తోచలేదు. స్కోరు కాగితాల్లో పాయింట్లే గాని టైములు రాయరు. ఎవర్ని అడిగినా "ఆరు ప్రాంతం" అంటారు.

జశ్వంత్ క్షమించమన్నాడు. తనకి కాదు, ఆవిడకి చెప్పుకోమంది పుణ్యవతి. ఆమెకి జాలి కలగలేదు.

రవీందర్ అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. గొంతు సవరించుకుని, ఫోటో పోతే పోయింది, బ్యాడ్జి మాత్రం అక్కడే ఉందన్నాడు. ఆరూ పంతొమ్మిదికి తలుపు తెరిచింది ఆమె బ్యాడ్జే. వేరేవాళ్ళు తీసుకుపోయారంటే ఎవరు? కోడు తెలిసిన నలుగురూ హాల్లోనే ఉన్నారు.

"ఆ ఫోటోలకీ అదే గంట తేడా కదండీ. వాళ్ళు హాల్లో ఉన్నది అయిదూ ఇరవైకి. ఆరూ ఇరవైకి ఎక్కడున్నారో మీరు చూశారా? నేను చూశానా?"

ఎంత సంబరంగా అడిగిందో ఆ మాట. పదకొండేళ్ళుగా గొంతులో అడ్డం పడ్డ ముల్లు ఊడివచ్చినట్టయింది. ఆ నలుగురిలో ఒకడు తన ఇంటివాడన్న సంగతి తెలియక కాదు, లెక్కలోకి రాలేదంతే. వాణ్ణి తను పెంచింది. ఆ గర్వంతోనే తెల్లకాగితం తీసి, ఫోటోల మీదున్న టైములన్నీ గంట ఎక్కువ పడ్డాయనీ, నలుగురు ఉద్యోగుల విషయం మళ్ళీ విచారించాలనీ రాసి, ఆయన చేత సంతకం పెట్టించింది. ఆయన పళ్ళు కొరుకుతూ పెట్టాడు. ఒంటిగంటా నలభై. ఆ కాగితం ఫోటో తీసి, కోర్టు దగ్గరున్న గంగమ్మ లాయరు రమ్యకి పంపింది. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. ఇది మంచిదే గాని సరిపోదు, బ్యాడ్జి వేరొకరి చేతిలో ఉన్నట్టు ఏదైనా దొరుకుతుందా, రెండున్నర లోపల పంపండి అని.

రవీందర్ ఫోన్ మాట్లాడటానికి బయటికి పోయాడు. పుణ్యవతి రవికిరణ్ కార్డు తన ల్యాప్‌టాప్‌లో పెట్టి, అసలు టైము ఆరూ పదికీ ఆరూ నలభైకీ మధ్య తీసినవన్నీ వరసగా తెరిచింది. ఎనభై అయిదుతో తీసిన ఫోటోలు బాగున్నాయి. మొహం మీద చెమట బొట్టు కూడా లెక్కపెట్టొచ్చు, వెనక జనం మాత్రం రంగు మరకలు. అయినా ఓపిగ్గా చూస్తే నలుగురిలో ముగ్గురు దొరికారు. ఒకాయన ఆడుతున్నాడు. ఒకామె పాయింట్లు రాస్తోంది. ఇంకొకాయన అంపైర్ కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు, ఎనిమిది ఫోటోల్లో అక్కణ్ణుంచి కదల్లేదు. ఆదర్శ్ అయిదూ ఇరవైకి కూర్చున్న మూడో వరసలో ఇప్పుడు ఖాళీ కుర్చీ. టీకి వెళ్ళుంటాడు అనుకుందామె. ఆ మాట రెండోసారి అనుకుంటూ మళ్ళీ మొదటి ఫోటో నుంచి వెతికింది.

పనికిరాని ఫోటోలు వేరే ఫోల్డరులో ఉన్నాయి. "అవి చూడకుండ్రి మేడం, ఫోకస్ తప్పినయి. ఎవ్వరికి ఇయ్యలే," అన్నాడు రవికిరణ్. ఆమె తెరిచింది. నూట నలభై దాకా ఉన్నాయి. ఒక్కోటీ నొక్కుకుంటూ పోయింది.

ఆరూ ముప్పై ఒకటి. గాల్లోకి ఎగిరిన ఆటగాడు పొగలా కరిగిపోయాడు. లెన్సు అతణ్ణి వదిలేసి, వెనక ఏది దొరికితే దాన్ని పట్టుకుంది. దొరికింది పక్క తలుపు. సగం తెరిచిన తలుపులోంచి ఆదర్శ్ లోపలికి వస్తున్నాడు. కనురెప్పలు కూడా స్పష్టంగా ఉన్నాయి. మెళ్ళో తన నీలం పట్టీ. బ్యాగు గుండెకి హత్తుకున్న ఎడమచేతి పిడికిలి కింద జానెడు ఆకుపచ్చ పట్టీ వేలాడుతోంది. చూపు సూటిగా కెమెరాలోకి.

పుణ్యవతికి ఏడుపు రాలేదు. పోయిన నెల వాడు అన్న మాట గుర్తొచ్చింది. ఉద్యోగాల్లోంచి తీసేసేవాళ్ళ జాబితాలో తన పేరుందని, ఇంకో కంపెనీ ఇంటర్వ్యూలో "మీ దగ్గర్నుంచి మాకేం తెస్తావు" అని అడిగారని, నవ్వుతూ చెప్పాడు. ఆమె కూడా నవ్వింది. ఆ ప్రశ్నకి వాడి జవాబే ఈ రెండు ఫోన్లు. శనివారం వాడు కార్చిన కన్నీళ్ళు మాత్రం దొంగవి కావు, అదే ఆమెని దహించింది. గంగమ్మ మీద జాలి ఉంది, తప్పు ఒప్పుకునే దమ్ము లేదు. ఆవిణ్ణి అత్తయ్య ఎలాగో విడిపిస్తే తను హాయిగా నిద్రపోవచ్చనుకున్నాడు. తనదాకా రాదనుకున్నాడు. అత్తయ్యని అంత తక్కువ అంచనా వేశాడా, లేక ఆమె ప్రేమని అంత ఎక్కువ అంచనా వేశాడా అన్నది ఆమెకి తేలలేదు.

వెనక తలుపు చప్పుడయింది. ల్యాప్‌టాప్ మూసే టైముంది, ఆమె మూయలేదు. రవీందర్ వచ్చి భుజం మీదుగా చూశాడు.  తర్వాత జశ్వంత్‌నీ రవికిరణ్‌నీ టీ తాగి రమ్మని పంపేసి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన గొంతు ఆమె ఎన్నడూ విననంత మెత్తగా ఉంది.

"మీ పిలగాడే కదా మేడం. ఫికర్ చెయ్యకుండ్రి. రేపు పొద్దుగాల్ల ఫోన్లు రెండూ నా టేబుల్ మీదికొస్తయ్. ఆయన రాజీనామా పెట్టి పోతడు. క్లయింట్ తోని మేం మాట్లాడుకుంటం. కంపెనీకి కూడ లోపలి మనిషి కన్న బయటి మనిషే నయం. ముసలామెకు రెండు వారాలల్ల బెయిలొస్తది, తర్వాత కేసు నేనే నడిపిస్త, ఎట్ల పోవాల్నో అట్ల పోతది. ఈ ఫోటో పనికిరాదని తీసినాయనే పక్కకు పెట్టిండు. ఫోకస్ తప్పిన ఫోటో కోర్టుకెందుకు?"

అందులో వెటకారం లేదు. నిజంగానే ఆమెకి మేలు చేస్తున్నాననుకుంటున్నాడు. అదీ భయంకరం. ఇన్నేళ్ళు ఆయన్ని అసహ్యించుకోవడం ఎంత సులువైన పనో అప్పుడు తెలిసొచ్చింది. ఇప్పుడు ఆయన చాచిన చెయ్యి పట్టుకుంటే చాలు, ఇద్దరూ ఒకే తాను ముక్కలవుతారు. ఏడేళ్ళ వయసులో వాడు జ్వరంతో తన ఒళ్ళో పడుకున్న రాత్రులన్నీ ఆ చెయ్యి పట్టుకోమంటున్నాయి. గచ్చు మీద పిల్లికూతల ఊపిరితో కూర్చున్న గంగమ్మ ఏమీ అనడం లేదు. అనడానికి ఆవిడ ఇక్కడ లేదు. ఆవిడ తరపున ఉన్నది తనొక్కతే.

రెండూ పద్ధెనిమిది.

"ఫోకస్ తప్పలేదు రవీందర్ గారూ," అంది పుణ్యవతి. లాయరు రమ్య పేరు కొట్టి, ఆ ఫోటో జత చేసింది. కింద నాలుగు ముక్కలు రాసింది. నవంబరు ఏడు, సాయంత్రం ఆరూ ముప్పై ఒకటి, పక్క తలుపు దగ్గర ఉన్నది ఈ కంపెనీ ఉద్యోగి ఆదర్శ్, నా మేనల్లుడు. పంపించేసింది.

రవీందర్ కుర్చీలో వెనక్కి వాలి, మిమ్మల్ని అప్పుడూ అర్థం చేసుకోలేకపోయానన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆదర్శ్ కూర్చునే నాలుగో అంతస్తుకి గార్డుని పంపమని, పిల్లాడి మీద చెయ్యి మాత్రం వెయ్యనివ్వద్దని ఆమె చెప్పింది. ఆయన లేచి వెళ్ళాక ఫోన్ తీసి ఆదర్శ్ నంబరు నొక్కింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"అత్తయ్యా, బెయిలొచ్చిందా?"

"వస్తుంది." ల్యాప్‌టాప్‌లో ఉన్న ఆ ఫోటో వైపు చూసింది. "ఆరూ ముప్పై ఒకటికి పక్క తలుపు తోసుకుని హాల్లోకొచ్చావు. ఫోటోగ్రాఫర్ నీ వైపే తిరిగి ఉన్నాడు, నువ్వూ కెమెరాలోకే చూశావు. చూసి కూడా ఈ కేసు నా చేతిలో ఎందుకు పెట్టావురా?"

అవతల కీబోర్డుల చప్పుడు, ఎవరిదో నవ్వు, లిఫ్టు తలుపు తెరుచుకున్న శబ్దం వినబడ్డాయి. గార్డు వచ్చినట్టున్నాడు.  చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టి సంజాయిషీ చెప్పుకునే గొంతుతో వాడు అన్నాడు.

"ఫ్లాష్ వెలగలేదు కదత్తయ్యా."